ముందు వరసలో ముగ్గురు చాలు

హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏ డిఫెన్స్ మంచిదని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా 3-3-5 అంటాను. ముందు వరసలో ముగ్గురు లైన్‌మెన్, సరిగ్గా వాళ్ల వెనకే ముగ్గురు లైన్‌బ్యాకర్లు, ఆ వెనకా పక్కలా కలిపి ఐదుగురు (ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు, ముగ్గురు సేఫ్టీలు). మేముండే న్యూజెర్సీలో మామూలు పబ్లిక్ స్కూళ్లలో చాలావాటికి ఇదే నప్పుతుంది. టీవీలో చూసిన 4-3 (నలుగురు లైన్‌మెన్, ముగ్గురు లైన్‌బ్యాకర్లు) కోసం స్కూలంతా గాలించి నలుగురు బరువైన పిల్లల్ని పోగుచేయబోతే చివరికి మిగిలేవి పిల్లలకి దెబ్బలు, టీమ్‌కి ఓటములు. ఇదీ నా వాదన.

మా అబ్బాయి ఆడే టీమ్‌కి మ్యాచ్ వీడియో తీసేది నేనే. స్టాండ్స్‌లో అన్నిటికన్నా పైమెట్టు మీద ట్రైపాడ్ పెట్టుకుంటాను. కోచ్ పెట్టిన షరతు ఒక్కటే: బంతి వెంట పోవద్దు, ఇరవై రెండు మందీ ఫ్రేమ్‌లో ఉండాలి. టీవీ కెమెరా బంతిని వదలదు, అందుకే ఇంట్లో చూసేవాళ్లకి బంతి పట్టుకున్నవాడే కనిపిస్తాడు. పైనుంచి చూస్తే, బంతి కదలకముందే డిఫెన్స్‌లో చిల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆ వీడియో హడిల్ అనే వీడియో సైట్‌లోకి ఎక్కాక కోచ్‌లు ఒక్కో ప్లేని ఆపి ఆపి చూస్తారు. అప్పుడు పక్కన కూర్చుని విన్నవీ, అర్థంకాక అడిగి తెలుసుకున్నవీ నన్ను ఈ అభిప్రాయానికి తెచ్చాయి.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. దాడి చేసే టీమ్‌కి నాలుగు డౌన్లు, అంటే నాలుగు అవకాశాలు ఉంటాయి. వాటిలో పది గజాలు ముందుకి జరిగితే మళ్లీ నాలుగు వస్తాయి. దాడివైపు ముందు వరసలో ఐదుగురు లైన్‌మెన్ పక్కపక్కనే నిలబడతారు. మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, ఆ పక్కన ట్యాకిల్స్. మనిషికీ మనిషికీ మధ్య సందుని గ్యాప్ అంటారు. సెంటర్‌కీ గార్డ్‌కీ మధ్యది ఎ గ్యాప్, గార్డ్‌కీ ట్యాకిల్‌కీ మధ్యది బి, ట్యాకిల్‌కి బయట ఉన్నది సి. రెండువైపులా కలిపితే ఆరు. చివర్లో టైట్ ఎండ్ అనే ఇంకో బ్లాకర్ వచ్చి నిలబడితే ఏడోది పుడుతుంది. ఏ డిఫెన్స్ అయినా మొట్టమొదట ఈ గ్యాప్‌ల లెక్కే. ప్రతి గ్యాప్‌కీ ఒక పిల్లాడు జవాబుదారీగా ఉండాలి. ఎవరూ లేని గ్యాప్ ఒక్కటి మిగిలినా బంతి అందులోంచే పోతుంది. కబడ్డీ ఆడినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది: కార్నర్‌లో ఉన్నవాడు ఆవేశపడి రెయిడర్ చీలమండ మీదకి ఒంటరిగా దూకి పట్టు తప్పాడంటే, ఆ మూల ఖాళీ అయిపోతుంది, మిగతా ఆరుగురూ ఎంత గట్టివాళ్లయినా లాభం లేదు.

ముందుగా మనుషుల లెక్క చూద్దాం. దాడి లైన్‌కి ఐదుగురు పెద్ద ఒళ్లున్న పిల్లలు కావాలి. డిఫెన్స్‌లో నలుగురిని పెడితే మొత్తం తొమ్మిది. పదిహేనేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసులో 220 పౌండ్లు దాటి, వంగి నిలబడి, బంతి కదలగానే రెండడుగులు చురుగ్గా వేయగలిగిన పిల్లలు తొమ్మిది మంది మామూలు స్కూల్లో దొరకరు. ఐదారుగురు దొరికితే అదృష్టం. దాంతో ఆ పిల్లలే రెండువైపులా ఆడతారు. పన్నెండు నిమిషాల క్వార్టర్లు నాలుగు. నాలుగో క్వార్టర్‌కి వచ్చేసరికి ప్లేకీ ప్లేకీ మధ్య వాళ్ల చేతులు మోకాళ్ల మీదే ఉంటాయి. బంతి కదిలినా వాళ్లు లేచేసరికి ఆలస్యం అవుతుంది, ఎదుటివాడు అప్పటికే వాళ్ల ఛాతీ మీద ఉంటాడు. ఇదంతా వీడియోలో కనబడుతూనే ఉంటుంది. అదే ముగ్గురితో సరిపెట్టుకుంటే మార్చి మార్చి ఆడించడానికి ఒకరిద్దరు మిగులుతారు. మరోపక్క 160 నుంచి 180 పౌండ్ల పిల్లలు, చలికాలంలో రెజ్లింగ్ చేసేవాళ్లు, వసంతంలో ట్రాక్‌లో పరిగెత్తేవాళ్లు ఏ స్కూల్లో చూసినా బోలెడుమంది. 3-3-5 వాళ్లలోంచి ఎనిమిది మందికి చోటిస్తుంది.

పోయిన సీజన్లో స్టాండ్స్‌లో నా పక్కన ఒక తెలుగాయన కూర్చునేవాడు, వాళ్లబ్బాయి జేవీలో, అంటే స్కూల్ రెండో టీమ్‌లో, ఉన్నాడు. ఎదుటివాళ్లు మధ్యలోంచి వరసగా తోసుకొస్తుంటే ఆగలేక, "అక్కా, ముందర ఇంకొకణ్ణి పెట్టొచ్చు కదా!" అన్నాడు.

"ఎవరిని పెడదాం తమ్ముడూ? ఉన్నవాళ్లలో నువ్వే చెప్పు" అన్నాను.

బెంచీ వైపు చూసి ఊరుకున్నాడు. అక్కడ మిగిలినవాళ్లంతా 155 పౌండ్ల పిల్లలు.

అలాంటి పిల్లాడిని 250 పౌండ్ల గార్డ్‌కి అంగుళాల దూరంలో కూర్చోబెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అక్కడ తప్పుకోవడానికి చోటుండదు, చూసుకోవడానికి టైమ్ ఉండదు, మెడా భుజాలూ దెబ్బలు తింటాయి. అదే పిల్లాడు నాలుగైదు గజాలు వెనక నిలబడితే వాడి చురుకుదనం వాడికి అక్కరకొస్తుంది. బ్లాకర్ ఎటు వస్తున్నాడో చూస్తాడు, పక్కకి జరుగుతాడు, తనే వేగం పుంజుకుని వెళ్లి బంతి ఉన్నవాణ్ణి పట్టుకుంటాడు. ఫార్మేషన్ ఎంచుకోవడం అంటే ఏ ఒంటిని ఎక్కడ నిలబెడుతున్నామో నిర్ణయించడం. పిల్లల వయసులో ఈ మాటకి గెలుపోటములకన్నా ఎక్కువ బరువుందని నేను నమ్ముతాను.

ఇప్పుడు అసలు పనితనం. 3-3-5లో ప్రతి లైన్‌మన్ వెనక సరిగ్గా ఒక లైన్‌బ్యాకర్ దాగినట్టు నిలబడతాడు. మధ్యలో నోస్ గార్డ్ అనే లైన్‌మన్, వాడి వెనక మైక్ అని పిలిచే మధ్య లైన్‌బ్యాకర్. నోస్ గార్డ్ సెంటర్‌కి ముఖాముఖి ఉంటాడు, ఎటు పోతాడో సెంటర్‌కి తెలియదు. బంతి కదలకముందే లైన్‌బ్యాకర్ నోటినుంచో సైడ్‌లైన్ నుంచి చేతి సైగగానో ఒక పిలుపు వస్తుంది. కుడి అని పిలుపొస్తే నోస్ గార్డ్ మొదటి అడుగు కుడి ఎ గ్యాప్‌లోకి వేస్తాడు, మైక్ ఎడమ ఎ గ్యాప్ చూసుకుంటాడు. చివర ఇద్దరు ఎండ్‌లకీ, వాళ్ల వెనక ఉన్న లైన్‌బ్యాకర్లకీ ఇదే సూత్రం: వాడు లోపలికి పోతే నేను బయటికి, వాడు బయటికి పోతే నేను లోపలికి. మూడు జతలు, ఆరు గ్యాప్‌లు. ఒక పిల్లాడు గుర్తుపెట్టుకోవాల్సింది తన జతగాడు ఎటు పోతున్నాడన్నదే. వాళ్లిద్దరూ బస్సులో పక్కపక్కన కూర్చుంటారు, లంచ్‌లో కలిసి తింటారు, ఒకడు తప్పు చేస్తే రెండోవాడే ముందు గుర్తుపడతాడు.

రాత్రి పన్నెండింటిదాకా కెమిస్ట్రీ చదివి, పొద్దున్నే బస్సెక్కే పిల్లలకి ఇంతకు మించి తలకెక్కించడం కష్టం. పైగా ప్రాక్టీస్‌కి ఉన్న సమయం తక్కువ. న్యూజెర్సీ స్కూళ్ల ఆటలు నడిపే సంఘం ఎన్.జె.ఎస్.ఐ.ఎ.ఎ. 2019లో సీజన్ మధ్యలో ఫుల్ కాంటాక్ట్ ప్రాక్టీస్‌ని వారానికి 90 నిమిషాల నుంచి 15 నిమిషాలకి తగ్గించింది. తలదెబ్బల భయంతో తీసుకున్న నిర్ణయం, తల్లిగా నేను దానికి పూర్తి మద్దతు. కానీ దానివల్ల కోచ్ చేయాల్సిన ఆలోచన మారింది. నిజమైన దూకుడుతో ట్యాకిల్ చేయించేది, అంటే మనిషిని పట్టి పడేయించేది, వారానికి పావుగంట అయితే, మిగతా ప్రాక్టీస్ అంతా అడుగులూ, చూపూ, ఎవరు ఎక్కడన్న లెక్కా. పది రకాల మోహరింపులు, ఒక్కోదానికి నాలుగు మినహాయింపులు ఉన్న ప్లేబుక్ ఆ సమయంలో ఒంటికి పట్టదు. ఒక స్కూల్లో లావుపాటి బైండర్ చేతికిచ్చిన సీజన్ నేను చూశాను. బంతి కదిలే క్షణంలో కూడా పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ, వేళ్లతో చూపించుకుంటూ ఉండేవాళ్లు. అనుమానంలో ఉన్న పిల్లాడు సగం వేగంతో పరిగెత్తుతాడు, ఎదుటివాడు పూర్తి వేగంతో వచ్చి గుద్దుతాడు. దెబ్బలు తగిలేది అక్కడే.

4-3 గొప్పది కాదని నేననడం లేదు. దాని చరిత్ర చూస్తే నా మాటే నిలబడుతుంది. 1950లలో న్యూయార్క్ జెయింట్స్ అనే ప్రొఫెషనల్ టీమ్ డిఫెన్స్ చూసుకున్న టామ్ లాండ్రీ 4-3కి పేరు తెచ్చాడు. ఆయన చేతిలో ఎవరున్నారో చూడండి. మధ్యలో రోజీ గ్రియర్ లాంటి భారీ మనిషి, చివర ఆండీ రోబస్టెల్లీ, వాళ్ల వెనక 1956లో వచ్చిన సామ్ హఫ్. అటు ఇటు అంత దూరం పరిగెత్తి పట్టుకోగల మిడిల్ లైన్‌బ్యాకర్ దొరికాడు గనక ముందున్న నలుగురూ తమ పని తాము చేసుకోగలిగారు. ఆ ఏడాది ఫైనల్లో చికాగో బేర్స్‌ని 47-7తో చిత్తుచేశారు. సామ్ హఫ్ లేని స్కూల్లో ఆయన కోసం గీసిన బొమ్మ తెచ్చి బోర్డు మీద వేస్తే ఏం లాభం? 3-3-5 పుట్టుక దీనికి వేరు. జో లీ డన్, రాకీ లాంగ్ లాంటి కాలేజీ కోచ్‌లు దీనికి పేరు తెచ్చారు. రాకీ లాంగ్ న్యూ మెక్సికోలో, ఆ తర్వాత శాన్ డియెగో స్టేట్‌లో ఏళ్ల తరబడి దీన్నే నడిపాడు. దేశంలో పెద్ద పేరున్న యూనివర్సిటీలు ఎగరేసుకుపోగా మిగిలిన ఆటగాళ్లతో ఆడాల్సిన చోట్లు అవి. మన స్కూళ్ల పరిస్థితికి దగ్గరగా ఉన్నది అదే.

దీనిమీద వచ్చే గట్టి అభ్యంతరం వింగ్-టి. తోసిపారేయదగ్గ అభ్యంతరం కాదది. డెలావేర్ యూనివర్సిటీలో టబ్బీ రేమండ్ దశాబ్దాలపాటు నడిపిన ఈ దాడి పద్ధతి మా చుట్టుపక్కల రాష్ట్రాల హైస్కూళ్లలో ఇప్పటికీ బతికే ఉంది. కాలిఫోర్నియాలో డి లా సాల్ హైస్కూల్ 1992 నుంచి వరసగా 151 మ్యాచ్‌లు గెలిచింది. 2004లో 39-20తో ఆ వరసకి తెర దించిన బెల్‌వ్యూ కుర్రాళ్లు ఆడింది వింగ్-టినే. ముగ్గురే లైన్‌మెన్ ఉంటే ఈ దాడి మధ్యలోంచి నలిపేస్తుందని చాలామంది అంటారు.

వింగ్-టిలో మధ్యలోంచి కొట్టే దెబ్బ ట్రాప్. పైనుంచి వీడియో తీస్తూ నేను ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసిన ప్లే ఇదే. బంతి కదలగానే డిఫెన్స్ లైన్‌మన్ ఎదురుగా ఉన్న బ్లాకర్ వాణ్ణి ముట్టుకోకుండా పక్కకి జారిపోతాడు. పిల్లాడికి దారి తెరుచుకుంటుంది. బంతి మొదట అందుకుని దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ వీపు కనబడుతోంది, ఇంకో రెండు అడుగులు. ఆ సంబరంలో ముందుకి ఉరుకుతాడు. సరిగ్గా అప్పుడే అవతలి పక్క గార్డ్ లైన్ వెనకనుంచి అడ్డంగా పరిగెత్తుకొచ్చి వాడి పక్కటెముకల్లో గుద్దుతాడు. పిల్లాడు ఖాళీ చేసిన చోటునుంచి ఫుల్‌బ్యాక్ బంతితో దూసుకుపోతాడు. ముందు నలుగురున్నా ఐదుగురున్నా ఈ ప్లే ఇలాగే పనిచేస్తుంది, ఎందుకంటే అది ఆడుకునేది పిల్లాడి ఆత్రంతో. దీనికి మందు ఒక్కటే: నిన్నెవరూ అడ్డుకోలేదంటే ఆగు, లోపలికి తిరుగు, ఎవడో వస్తున్నాడు. వెనక ఉన్న లైన్‌బ్యాకర్‌కి ఇంకో సూత్రం: బంతిని చూడొద్దు, గార్డుల్ని చూడు. వింగ్-టిలో బంతిని ముగ్గురు నలుగురు దాచినట్టు నటిస్తారు, గార్డ్ మాత్రం అబద్ధం చెప్పలేడు. వాడు ఎటు పరిగెత్తితే బంతి దాదాపుగా అటే. ఈ చూపు ముందు వరసలో కూర్చున్నవాడికి దొరకదు, నాలుగు గజాలు వెనక నిలబడ్డవాడికి దొరుకుతుంది. 3-3-5లో అలా చూసేవాళ్లు ముగ్గురున్నారు. అవతల ఇద్దరు టైట్ ఎండ్‌లొచ్చి గ్యాప్‌లు ఎనిమిదైతే, బయట ఉన్న ఇద్దరు సేఫ్టీలు లైన్ మీదకి దిగుతారు. బొమ్మలో అది పాతకాలపు ఐదుగురి వరసలాగే కనబడుతుంది. ఆ ఇద్దరి చోటు మారిందే తప్ప, లోపలి ఆరుగురికీ ఒక్క సూత్రం కూడా మారలేదు.

ఇక స్ప్రెడ్ దాడి. పాస్ అందుకునే నలుగురు రిసీవర్లని మైదానం అంతటా పరిచి, క్వార్టర్‌బ్యాక్‌ని వెనక నిలబెట్టి ఆడే ఈ పద్ధతి ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. ఇందులో ప్రాణం తీసేది ఆర్‌పిఓ (రన్-పాస్ ఆప్షన్). ఒకే ప్లేలో పరుగూ పాసూ రెండూ ఉంటాయి. క్వార్టర్‌బ్యాక్ ఒక్క డిఫెండర్‌ని చూస్తాడు. వాడు పరుగు ఆపడానికి లోపలికి వస్తే వాడి వెనకకి పాస్, ఆగిపోతే పరుగు. 4-3లో ఆ నలిగిపోయేవాడు బయటి లైన్‌బ్యాకర్. లోపల ఒక గ్యాప్ వాడిది, బయట ఒక రిసీవరూ వాడిదే. పదహారేళ్ల పిల్లాడు ఏం చేసినా తప్పే అవుతుంది. 3-3-5లో ఆ రెండో పని లేదు. టైట్ ఎండ్ లేని స్ప్రెడ్‌లో గ్యాప్‌లు ఆరు, మన ముగ్గురూ ముగ్గురూ ఆరు. బయటి సేఫ్టీకి మొదటి బాధ్యత పాస్, పరుగు తన వైపుకి పొంగితేనే లోపలికి తిప్పి కొడతాడు. క్వార్టర్‌బ్యాకే బంతితో పరిగెత్తే టీమ్ అయితే వాళ్లకి ఒక మనిషి ఎక్కువవుతాడు, అప్పుడు లోతులో ఉన్న సేఫ్టీ కిందకి రావాల్సిందే. అక్కడ రిస్క్ ఉంది. ఆ రిస్క్ లేని డిఫెన్స్ నేనింకా చూడలేదు.

టీవీ చూసి ఫార్మేషన్ ఎంచుకునేవాళ్లు మరిచిపోయేది మైదానం కొలత. ప్రతి ప్లేకీ బంతి పెట్టేది హ్యాష్ గీతల మీదో వాటి మధ్యో. హైస్కూల్లో ఆ గీతలు మైదానం వెడల్పుని మూడు సమాన భాగాలు చేస్తాయి, ఒక్కోటి 53 అడుగుల 4 అంగుళాలు. ప్రొఫెషనల్ ఆటలో రెండు హ్యాష్ గీతల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలే, బంతి ఎప్పుడూ దాదాపు మధ్యలోనే ఉంటుంది. హైస్కూల్లో బంతి కుడి హ్యాష్ మీద పెడితే ఎడమ సైడ్‌లైన్ దాకా 35 గజాలకి పైగా ఖాళీ మైదానం. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఇరుకు సందు. అందుకని డిఫెన్స్ బలాన్ని టైట్ ఎండ్ ఉన్న వైపుకి కాకుండా వెడల్పు వైపుకి జరపాలంటాను. 3-3-5 రెండువైపులా ఒకేలా ఉంటుంది గనక ఇది చిటికెలో అయ్యే పని. ఇద్దరు బయటి సేఫ్టీల్లో బాగా పరిగెత్తేవాడు ఎప్పుడూ వెడల్పు వైపుకి పోతాడు, గట్టిగా గుద్దేవాడు ఇరుకు వైపుకి. వెడల్పు వైపు కార్నర్‌బ్యాక్ ఏడెనిమిది గజాలు వెనక్కి నిలబడినా ఫరవాలేదు. అవతలి హ్యాష్ నుంచి ఇక్కడి సైడ్‌లైన్ దాకా బంతిని సూటిగా, వేగంగా వేయగల చేయి హైస్కూల్లో అరుదు. మిగతావాళ్లు వేస్తే బంతి గాల్లో తేలుతూ వస్తుంది, ఆలోపు మనవాడు వెళ్లి నిలబడొచ్చు.

ప్రతి డౌన్‌కీ ఆరేడుగురిని క్వార్టర్‌బ్యాక్ మీదకి వదిలే కోచ్‌లున్నారు. స్టాండ్స్‌లో చప్పట్లు దానికే ఎక్కువ. వెనక సేఫ్టీ లేకుండా కార్నర్లని ఒంటరిగా వదిలేసి ఆడితే, ఒక్క ట్యాకిల్ తప్పితే 60 గజాల టచ్‌డౌన్. పిల్లల ట్యాకిల్స్ తప్పుతూనే ఉంటాయి. 3-3-5లో ముగ్గురు లైన్‌మెన్‌కి తోడు ఒక్కడిని పంపితే చాలు, ఆ నాలుగోవాడు ఆరుగురు ఏడుగురిలో ఎవరైనా కావచ్చు. ఎవరొస్తారో తెలియక దాడి లైన్ తికమకపడుతుంది, మనవైపు వెనక ఏడుగురు మిగిలే ఉంటారు. నాకు ఈ ఓపికైన ఆటే ఇష్టం.

నలుగురు మంచి లైన్‌మెన్ నిజంగా ఉన్న స్కూల్ అయితే 4-2-5 ఆడమంటాను. కోచ్ గ్యారీ ప్యాటర్సన్ టిసియు (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ)లో అదే పద్ధతితో 2010 సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఓడకుండా రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ మ్యాచ్ దాకా వెళ్లి, విస్కాన్సిన్‌ని 21-19తో ఓడించాడు. అందులోనూ వెనక ఐదుగురే, లోపల ఆరుగురే. అలాంటి నలుగురు దొరికిన ఏడాది ఆ అదృష్టాన్ని వాడుకోవాలి. అయితే వాళ్లు సీనియర్లై వెళ్లిపోయాక మరుసటి ఆగస్టులో ఏం చేస్తారన్నది కూడా అప్పుడే ఆలోచించి పెట్టుకోవాలి.

మా దగ్గర పెద్ద చిక్కు అదే. ఫ్రెష్‌మన్ (తొమ్మిదో తరగతి) టీమ్ ఒక డిఫెన్స్ ఆడుతుంది, జేవీ ఇంకోటి, వర్సిటీ, అంటే స్కూల్ మొదటి టీమ్, మరోటి. తొమ్మిదో తరగతిలో ఎండ్‌గా నేర్చుకున్న పిల్లాడు పదకొండులో లైన్‌బ్యాకర్‌గా మళ్లీ ఓనమాలు దిద్దుతాడు. మా ఆయన, నేను, ఇంకొందరు తల్లిదండ్రులు కలిసి వచ్చే బూస్టర్ క్లబ్ (టీమ్‌కి అండగా ఉండే తల్లిదండ్రుల సంఘం) మీటింగ్‌లో కోచ్‌ని ఈ ఒక్కటి అడగాలనుకుంటున్నాం: మూడు టీమ్‌లూ అవే మూడు జతలతో, అవే పిలుపులతో ఆడనివ్వండి. వర్సిటీలో ఎవరికైనా మోకాలు బెణికితే జేవీ నుంచి పైకొచ్చే పిల్లాడికి కొత్తగా నేర్చుకోవాల్సింది జతగాడి పేరు ఒక్కటే ఉండాలి. వీడియోలన్నీ నా దగ్గర ఉన్నాయి, మూడు టీమ్‌లవీ. ఏ గ్యాప్‌లోంచి ఎన్ని గజాలు పోయాయో ఒక షీట్ చేస్తున్నాను, మీటింగ్‌కి అది తీసుకెళ్తాను.